రోడ్డు లేని కొండ.. మూడు దారులు

దుబాయ్‌లో ఉన్నప్పుడు వారానికొక్క సెలవు దొరికితే బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసి పడుకునేవాళ్లం. స్కాట్లాండ్‌కొచ్చాక అలవాటు మారింది. ఇక్కడ సెలవొస్తే జనం కొండలెక్కుతారు. మా సైట్‌లో క్రేన్ నడిపే పెద్దాయన, అరవై దగ్గర పడ్డ మనిషి, సోమవారం వస్తే ఏ కొండెక్కిందీ చెప్పేవాడు. వినీ వినీ నాకూ పిచ్చి పట్టుకుంది.

ఇక్కడ 3000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండల్ని 'మన్రో'లంటారు. సర్ హ్యూ మన్రో అనే ఆయన 1891లో వాటి జాబితా అచ్చు వేశాడు. ఇప్పటి లెక్క 282. వాటిలో కొన్ని కారు దిగి రెండు మూడు గంటల్లో ఎక్కేయొచ్చు. నేను చెప్పబోయే బెన్ ఆల్డర్ అలాంటిది కాదు. ఎత్తు 1148 మీటర్లే. మన తిరుమల కొండ కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ తిరుమలకు బస్సుంది, దీనికి లేదు. ఏ వైపు నుంచి వెళ్లినా కొండ మొదలు దగ్గరికి చేరడానికే సగం రోజు పోతుంది. మూడేళ్లలో మూడు దారుల్లో వెళ్లాం. మొదటిసారి పైకి చేరలేదు. అసలు చెప్పాలనుకున్నదే ఆ కథ.

మొదటి దారి: డాల్‌విన్నీ నుంచి

ఎక్కువమంది వెళ్లే దారి ఇదే. పెర్త్ నుంచి ఇన్వర్నెస్ వెళ్లే రైలు మార్గంలో డాల్‌విన్నీ అనే చిన్న ఊరుంది. అక్కడ దిగి, లాక్ ఎరిక్ట్ అనే పొడవాటి సరస్సు ఒడ్డున మట్టిరోడ్డు పట్టుకోవాలి. 'లాక్' అంటే వీళ్ల భాషలో సరస్సు. ఆ రోడ్డు ఎస్టేటు వాళ్లది, బయటి కార్లు పోనివ్వరు. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రం అడ్డు లేదు. 2003లో వచ్చిన భూసంస్కరణ చట్టం ప్రకారం, పద్ధతిగా నడుచుకుంటే ఎవరి ఎస్టేటులోనైనా తిరగొచ్చు.

సైకిల్ మీద దాదాపు 15 కిలోమీటర్లు పోతే కుల్రా అనే చోటు వస్తుంది. అక్కడ ఒక 'బోథీ' ఉండేది. బోథీ అంటే తాళం లేని రాతి గుడిసె, ఎవరైనా తల దాచుకోవచ్చు. ఆస్బెస్టాస్ బయటపడ్డాక దాన్ని మూసేశారు. అందుకని రాత్రికి దాన్ని నమ్ముకుని బయలుదేరొద్దు. కుల్రా నుంచి కొండ మీదికి రెండు రాతి గట్లున్నాయి. పొడుగుది లాంగ్ లెకస్, పొట్టిది షార్ట్ లెకస్. రెండింటి మీదా అక్కడక్కడ చేతులు కూడా వాడి ఎక్కాలి. రానూ పోనూ అంతా కలిపితే 45 కిలోమీటర్ల పైమాటే.

సెప్టెంబర్ చివర్లో వెళ్లాం. నాతో మా పక్క ఊరి పిల్లాడు. తమ్ముడి వరస, మా సైట్‌లోనే సెంట్రింగ్ పని. ఆ శనివారం ఓవర్‌టైం వదులుకుని, రైలు టికెట్‌కు సొంత డబ్బులు పెట్టుకుని వచ్చాడు. జీన్స్, కాటన్ స్వెట్‌షర్ట్, సైట్‌లో వేసుకునే బూట్లు. చూసి కూడా నేనేమీ అనలేదు. తప్పు అక్కడే మొదలైంది, అది నాదే.

దారిలో సైకిల్ పంక్చరై కుల్రా చేరేసరికి ఒంటిగంట. ఇక్కడ నడకకు ఒక లెక్కుంది. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పింది. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే అయిదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మేం నడవాల్సింది ఆరు కిలోమీటర్లు, ఎక్కాల్సింది 700 మీటర్లు. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. దిగడానికి రెండు, సైకిల్‌కు గంటన్నర. ఏడింటికి చీకటి. లెక్క సరిగ్గా సరిపోతోంది. సైట్‌లో అలాంటి షెడ్యూల్ ఎవరైనా తెస్తే, అరగంట కూడా మిగల్లేదేంటని నేనే చింపి పారేసేవాణ్ణి. కొండ దగ్గర మాత్రం "మూడైతే ఎక్కడున్నా సరే వెనక్కే" అని ఒక మాట అనుకుని బయలుదేరాం.

గట్టు సగం ఎక్కామో లేదో మబ్బు కమ్మింది. గాలీ వానా కలిసి కొట్టాయి. ఎత్తు పెరిగే కొద్దీ వంద మీటర్లకు అర డిగ్రీకి పైగా చలి పెరుగుతుంది. ఆ పైన ఒంటి మీద తడి కాటన్ ఉంటే గాలి ఉన్న వేడినంతా లాగేస్తుంది. రెండుంబావుకు తమ్ముడు ఆగాడు. జాకెట్ జిప్ పట్టుకుంటే వేళ్లు పనిచేయడం లేదు. ఒళ్లంతా వణుకు. మాట ముద్దగా వస్తోంది.

"వెనక్కి పోదాం రా" అన్నా.

"ఇంకొక్క గంటే గదన్నా. ఇంత దూరమొచ్చి, ఓవర్‌టైం పోగొట్టుకొని, ఉత్తగ పోతమా?"

నిజం చెబుతున్నా, నాకూ పైకి పోవాలనే ఉంది. కానీ దుబాయ్‌లో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. కళ్లు తిరుగుతున్నా "ఇంకో నాలుగు షీట్లేగా" అంటూ పని ఆపని మనిషి, మా కళ్లముందే కూలిపోయాడు. ఎండదెబ్బయినా చలిదెబ్బయినా మొదట చెడేది ఆలోచన. తగిలినవాడు 'నాకేం కాలేదు' అనే అంటాడు. అందుకే ఆగాలా వద్దా అన్నది అతణ్ణి అడక్కూడదు, పక్కనున్నవాడే చెప్పాలి.

ఒక బండ చాటుకు తీసుకెళ్లి, తడి చొక్కా విప్పించి, నా సంచిలోని ఉన్ని స్వెటర్ తొడిగా. ఫ్లాస్కులో తీపి టీ తాగించా. అమ్మ పంపిన సకినాలు నాలుగు నమిలించా. తర్వాత చెయ్యి వదలకుండా కిందికి దింపా. డాల్‌విన్నీ చేరేసరికి చీకటి పడి చాలాసేపైంది. రైల్లో వణుకు పూర్తిగా తగ్గాక తమ్ముడన్న మొదటి మాట.. "మా అమ్మకు చెప్పకన్నా."

రెండో దారి: దక్షిణం నుంచి

తర్వాతి ఏడాది మే నెల. ఈసారి లాక్ ర్యానొక్ వైపు. బ్రిడ్జ్ ఆఫ్ ఎరిక్ట్ అనే చోట రోడ్డు వదిలి, అడవిలోంచి లాక్ ఎరిక్ట్ దక్షిణం కొసకు వెళ్లే దారి. మొదట్లోనే సివిల్ పని చేసేవాళ్లు ఆగి చూడాల్సిందొకటుంది.. 1930 నాటి ర్యానొక్ పవర్‌హౌస్. పైనున్న లాక్ ఎరిక్ట్ నీళ్లు సొరంగంలోంచి వచ్చి, కొండ వాలు మీద పెద్ద పైపుల్లో కిందికి దిగుతాయి. తొంభై ఏళ్లు దాటినా ఇంకా కరెంటు ఇస్తోంది. ఆ సొరంగం తవ్విన కూలీలు కూడా మాలాగే ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటారనిపించింది.

సరస్సు ఒడ్డున కొంత దూరం పోయాక దారి బురదనేలలో కలిసిపోతుంది. బూటు లోపలికి నీళ్లు రాకుండా దాటినవాడు లేడు. చివర్లో బెన్ ఆల్డర్ కాటేజీ అనే బోథీ. కరెంటు లేదు, నీళ్లంటే పక్కన వాగే. దాంట్లో దెయ్యముందని ఓ ప్రచారం. నిద్రలో తమ్ముడు పెట్టిన గురక తప్ప నాకేమీ వినిపించలేదు.

ఆ చుట్టుపక్కల వాలు మీదే 1746లో ప్రిన్స్ చార్లెస్ ఎడ్వర్డ్ స్టువార్ట్ దాక్కున్నాడు. కలోడెన్ యుద్ధంలో ఓడిపోయాక నెలల తరబడి కొండల్లో తిరిగి, ఫ్రాన్స్ ఓడ ఎక్కే ముందు ఇక్కడే తలదాచుకున్నాడు. దారి లేకపోవడమే అతణ్ణి కాపాడిందన్నమాట.

పొద్దున్నే కాటేజీ వెనకనుంచి బ్యాలఖ్ బ్రెబాగ్ అనే కనుమ ఎక్కి, ఎడమకు తిరిగి పైకి చేరాం. బెన్ ఆల్డర్ నెత్తి కోసుగా ఉండదు, మైదానంలా పరుచుకుని ఉంటుంది. తూర్పు అంచున మాత్రం ఒక్కసారిగా లోయ. మే నెలలోనూ ఆ అంచున మంచు పెళ్లలు వేలాడుతున్నాయి. పొగమంచులో పది గజాల అవతల ఏముందో తెలియదు. దిక్సూచి చేత్తో పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. శిఖరం దగ్గర సర్వే స్తంభం కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. థియోడలైట్ పెట్టడానికి కట్టిన కాంక్రీటు స్తంభమది. పాలిటెక్నిక్‌లో సర్వే ప్రాక్టికల్స్ రోజులు గుర్తొచ్చాయి. అక్కడ నిలబడి చూసిందల్లా తెల్లటి పొగే.

మూడో దారి: రైలు నుంచి రైలుకు

మూడో ఏడాది జూన్‌లో వెళ్లిన దారి నాకు అన్నిటికంటే నచ్చింది. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్లే లైనులో కొరౌర్ స్టేషన్. బయటివాళ్లు వాడుకునే రోడ్డే లేని స్టేషన్ ఇది. సముద్రమట్టానికి 408 మీటర్ల ఎత్తులో, బ్రిటన్ మెయిన్ లైన్ స్టేషన్లన్నిటికంటే పైన ఉంటుంది. అక్కడి నుంచి లాక్ ఆసియన్ ఒడ్డున హాస్టల్లో ఒక రాత్రి. తెల్లారి సరస్సు వెంట నడిచి, వాగు పట్టుకుని కనుమకెక్కి, పడమటి వాలు నుంచి బెన్ ఆల్డర్ పైకి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి తొందర లేదు. దిగేది లాంగ్ లెకస్ మీదుగా కుల్రాకు. ఆ రాత్రి గుడారం వేసుకుని, మర్నాడు డాల్‌విన్నీకి నడిచి రైలెక్కడం. రెండు వేర్వేరు రైలు లైన్లను కాళ్లతో కలిపినట్టు.

ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. స్తంభం దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా కొండలే, ఒక్క ఇల్లు లేదు.

వెళ్లాలనుకునేవారికి

మ్యాపు తప్పనిసరి. ఆర్డ్‌నెన్స్ సర్వే ల్యాండ్‌రేంజర్ 42వ నంబరు షీటు. ఫోన్‌లో మ్యాపుంది కదా అనుకోవద్దు, చలికి బ్యాటరీ త్వరగా పోతుంది, చాలాచోట్ల సిగ్నలే ఉండదు. కాటన్ బట్టలు వద్దు. ఒక పొడి ఉన్ని జత వేరే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. తలకు కట్టుకునే లైటు, విజిల్ మర్చిపోవద్దు. ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో రూమ్‌మేట్‌కు రాసిచ్చి వెళ్లండి. ఆపదొస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగాలి. వచ్చేది వాలంటీర్లు, పైసా తీసుకోరు. ముందే 999కి 'రిజిస్టర్' అని మెసేజ్ పంపి నంబరు నమోదు చేసుకుంటే, మాట అందని చోట మెసేజ్‌తోనే సాయం అడగొచ్చు.

మూడోసారి లాంగ్ లెకస్ దిగుతుంటే మొదటిసారి ఆగిపోయిన బండ కనిపించింది. తమ్ముడు వాచీ చూసుకున్నాడు.

"అన్నా, పైనుంచి ఇక్కడికి నలభై నిమిషాలే పట్టింది!" అన్నాడు. నేనేమీ అనలేదు. కాసేపు ఆ బండ మీదే కూర్చుని సకినాల పొట్లం విప్పాడు. సగం తిన్నాక తనే అన్నాడు..

"ఆ రోజు మన దగ్గర ఆ నలభై నిమిషాలు గూడ లేకుండెనే."