మీకు తెలుసా? ఒక్క రంగు మార్పుకు ఒకప్పుడు ఐదారు వరుసల కోడ్!

వెబ్ పేజీలో నీలం మెల్లగా తెలుపులో కలిసిపోవాలంటే ఇప్పుడు సీఎస్ఎస్‌లో ఒక్క వరుస చాలు. ఒకప్పుడు పిక్సెల్ వెడల్పున్న సన్నని బొమ్మ గీసి, దాన్నే పేజీ అంతటా పక్కపక్కన పరిచేవారు.

బొమ్మతో పనిలేకుండా ఈ రంగుల కలయికను, అంటే గ్రేడియెంట్‌ను, కోడ్‌తోనే గీసే పద్ధతిని 2008లో వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజన్ బృందం తెచ్చింది. 2010 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.6 వేరే రాతను ఎంచుకుంది. నిజానికి అదే తేలిక. వెబ్‌కిట్ కూడా చివరికి ఆ దారికే వచ్చింది. అయినా ఏ బ్రౌజర్ ప్రిఫిక్స్ (రాత ముందు చేర్చే సొంత గుర్తు) దానిదే, అందుకే ఒకే గ్రేడియెంట్‌ను ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో వరుసగా రాయాల్సి వచ్చేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9కైతే సీఎస్ఎస్ గ్రేడియెంట్లే తెలియవు. దానికోసం మైక్రోసాఫ్ట్ సొంత ఫిల్టర్‌ను విడిగా రాసేవారు.

అసలు చిక్కు కోణాలది. ప్రిఫిక్స్ రాతలో 0 డిగ్రీలంటే రంగు కుడివైపుకు సాగుతుంది, కోణం పెరిగితే అపసవ్య దిశలో తిరుగుతుంది. ప్రమాణంగా స్థిరపడిన రాతలో 0 అంటే పైకి, తిరిగేది సవ్య దిశలో!

ప్రిఫిక్స్ లేని రాతను 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10, ఫైర్‌ఫాక్స్ 16, ఆపై 2013లో క్రోమ్ 26 అంగీకరించాయి. కేంద్రం చుట్టూ రంగులు తిరిగే కోనిక్ గ్రేడియెంట్ క్రోమ్‌లో 2018లో, ఫైర్‌ఫాక్స్‌లో 2020లో వచ్చింది.

పాత కోడ్‌లో ప్రిఫిక్స్ తీసేస్తున్నారా? కోణాన్ని అలాగే ఉంచకండి. 90 లోంచి పాత కోణాన్ని తీసివేసి రాయండి.