కీబోర్డు మెరుస్తోందా? రుద్దకండి
అపోహలు – వాస్తవాలు

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ట్యాలీ లెక్కలు రాసే కీబోర్డు మీద ముందుగా నున్నబడేవి ఎంటర్ కీ, కుడివైపు అంకెలు, అమ్మకం నమోదుకు నొక్కే ఎఫ్8. జమ్మలమడుగు మీసేవ కేంద్రంలో పొద్దస్తమానం 12 అంకెల ఆధార్ నంబర్లు కొట్టేచోట అంకెల కీల వంతు. పులివెందులలో 2006లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లలో అయితే కంట్రోల్, సీ, వీ, బ్యాక్‌స్పేస్. పనులు వేరైనా సలహా మాత్రం అన్నిచోట్లా ఒకటే: ‘జిడ్డు పట్టింది, గట్టిగా రుద్దు, పోతుంది.’ నిక్షేపంలాంటి కీబోర్డులు చెడేది ఈ సలహాతోనే.

అపోహ 1: ఆ మెరుపంతా చేతి జిడ్డే.

వాస్తవం: కొంత జిడ్డే. అది తుడిస్తే పోతుంది. తుడిచాక కూడా మిగిలేది అరుగుదల. కొత్త కీ పైభాగం సన్నటి గరుకుతో ఉంటుంది. దానిమీద పడ్డ వెలుతురు నలువైపులా చెదురుతుంది కాబట్టి కీ మెరవదు. వేలు పడీపడీ గరుకు అరిగిపోతే, వెలుతురు ఒకే దిక్కుకు తిరిగొచ్చి కంట్లో కొడుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పక్కల పాలిష్ యూనిట్లలో నాపబండకు జరిగేదీ ఇదే. బండకు మెరుపును ఎవరూ పూయరు, గరుకు తీసేస్తారు, అంతే.

తేడా తెలుసుకోవడం సులువు. ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేయండి. మెత్తటి గుడ్డను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపి ఒక్క కీని తుడవండి. ఆరాక కిటికీ వెలుతురులో ఏటవాలుగా చూడండి. మెరుపు తగ్గితే జిడ్డు. అలాగే ఉంటే అరుగుదల. పోయిన గరుకును ఏ మందూ తిరిగి తేలేదు.

అపోహ 2: చెమట యాసిడ్‌లా ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

వాస్తవం: చెమటకు కొద్దిగా ఆమ్లగుణం ఉన్నమాట నిజమే. కానీ కీల తయారీలో ఎక్కువగా వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగించేంత బలం దానికి లేదు. అరగదీసేది రాపిడి, దానికి తోడు దుమ్ము. వీధి దుమ్ములోని ఇసుక రేణువులు ప్లాస్టిక్ కంటే ఎంతో గట్టివి. చెమట, తలనూనె అంటిన వేలికి ఆ దుమ్ము అతుక్కుంటే, నొక్కిన ప్రతిసారీ కీ మీద రాపిడే. పాలిష్ యూనిట్ ఆఫీసులోనూ రోడ్డు పక్క జిరాక్స్ అంగడిలోనూ కీలు తొందరగా నున్నబడితే వింతేం లేదు. పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కోవడం, పనయ్యాక మూత వేయడం ఏ మందుకన్నా మేలు. చేతికి రాసుకునేవాటిలో ఒకదానితో మాత్రం జాగ్రత్త: డీట్ కలిసిన దోమల మందు కొన్నిరకాల ప్లాస్టిక్‌లను నిజంగానే మెత్తబరుస్తుంది.

అపోహ 3: ఏడాదికే మెరిసిందంటే నాసిరకం అంటగట్టారు.

వాస్తవం: ఖరీదైన ల్యాప్‌టాప్‌ల కీలూ మెరుస్తాయి. పీబీటీ అనే ప్లాస్టిక్ అరుగుదలను బాగా ఓర్చుకుంటుంది. కానీ అది ఎక్కువగా విడిగా అమ్మే మెకానికల్ కీబోర్డులలో దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌లలో అరుదు. లైటు వెలిగే కీబోర్డుల కథ ఇంకొంచెం వేరు. చాలావాటిలో వెలుతురు పారే ప్లాస్టిక్ మీద నల్లరంగు పూసి, అక్షరం మేరకు ఆ రంగును లేజర్‌తో తీసేస్తారు. పూత అరిగితే అక్షరం మాయం కాదు, దాని అంచులు చెదిరి చుట్టూ వెలుతురు కారుతుంది. ఈ అరుగుదలను కంపెనీలు సాధారణంగా వాడకం కిందే లెక్కగడతాయి. వారంటీలో మారుస్తారని ఆశ పెట్టుకోవద్దు.

ఏ కీ ముందు అరుగుతుందన్నది టైపు చేసే పద్ధతిని బట్టి కూడా మారుతుంది. ‘జమ్మలమడుగు’ అని ఇంగ్లిషు అక్షరాలతో కొడితే 13 నొక్కుల్లో 4 ‘ఏ’ మీదే పడతాయి. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘ఏ’కు అంత పని లేదు. అక్కడ ఒత్తులకు మామూలుగా పొల్లు కావాలి, పొల్లు ఉండేది ‘డీ’ కీ మీద. ‘ప్రొద్దుటూరు’ అని ఒక్కసారి రాస్తే దాన్ని మామూలుగా రెండుసార్లు నొక్కాలి.

అపోహ 4: టూత్‌పేస్టో వంటసోడానో పెట్టి రుద్దితే కొత్తదవుతుంది.

వాస్తవం: టూత్‌పేస్టులో పళ్ల గార తీసే సన్నటి పొడి ఉంటుంది. అది చేసేదీ అరగదీయడమే. మెరుపు తగ్గించబోయి మరింత పెంచినట్టవుతుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్దితే మెరుపు మాసిపోవచ్చు గానీ, గీతలు పడతాయి, పూత లేస్తుంది, అక్షరమూ పోతుంది. మెలమైన్ స్పాంజిదీ అదే దారి, చూడటానికి మెత్తగా ఉన్నా అది అరగదీసే సరుకే. అన్నిటికంటే ప్రమాదం గోళ్ల రంగు తీసే మందు. అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగి కీ పైభాగం ముద్దవుతుంది. చేతుల శానిటైజర్‌లో గ్లిజరిన్ కలుపుతారు, దాంతో తుడిస్తే కీలు జిగటగా తయారవుతాయి. ఏ ద్రవాన్నైనా గుడ్డ మీద వేసుకోవాలి తప్ప కీబోర్డు మీద నేరుగా చల్లకూడదు.

అపోహ 5: మెరిసే కీలు చూసి పాస్‌వర్డ్ పట్టేస్తారు.

వాస్తవం: ల్యాప్‌టాప్‌లో ఆ భయం దాదాపు అక్కర్లేదు. రోజంతా కొట్టే ఉత్తరాలు, బిల్లుల ముందు పాస్‌వర్డ్ నొక్కులు ఏపాటివి? భయపడాల్సింది ఒక్క పిన్ కోసమే ఉన్న అంకెల బటన్ల దగ్గర, అంటే డిజిటల్ లాకర్లు, తలుపు తాళాల దగ్గర. 4 అంకెల పిన్‌కు 10,000 అవకాశాలు. అందులో నాలుగూ వేర్వేరు అంకెలై, ఆ నాలుగు బటన్లే నున్నబడి కనిపిస్తుంటే, మిగిలేవి 24. బంగారు అంగడి లాకర్‌కు ఏళ్ల తరబడి ఒకే పిన్ ఉంటే, ఇవాళే వేరే అంకెలతో మార్చడం మంచిది.

అపోహ 6: సిలికాన్ కవర్ వేస్తే ఇక చింతలేదు.

వాస్తవం: కవర్ ఉంటే అరుగుదలా దుమ్మూ తగ్గుతాయి, నిజమే. కానీ కొన్ని మోడళ్లలో మూతకూ కీలకూ మధ్య సందు బొత్తిగా తక్కువ. కవర్‌తోనే మూస్తే తెర మీద ఒత్తిడి పడి పగలొచ్చు. కీబోర్డు సందుల్లోంచి కూడా గాలి తీసుకునే ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. 43, 44 డిగ్రీల ఎండల్లో వాటికి కవర్ వేస్తే వేడి ఇంకా పెరుగుతుంది. రాసేటప్పుడు వేసుకుని, మూసేటప్పుడు తీసేయండి. పగలంతా టైపు పనే ఉన్నవాళ్లు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోవడం మరీ మేలు. అరిగితే అదే అరుగుతుంది, మార్చడానికీ తక్కువలో పోతుంది.

అపోహ 7: మెరిసిందంటే కీబోర్డు పోయే కాలం వచ్చింది. మెరవని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొత్తదానితో సమానం.

వాస్తవం: పైన కనబడే కీ టోపీకీ కింద నొక్కు అందుకునే పొరకూ సంబంధం లేదు. నిగనిగలాడే కీ ఏళ్ల తరబడి చక్కగా పనిచేయొచ్చు. గరుకు చెక్కుచెదరని కీ కింద టీ ఒలికి ఉండొచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో మెరుపు ఎంత వాడారో సూచిస్తుంది, అది కూడా కీబోర్డు మార్చకపోయి ఉంటేనే. అందుకే కొనేముందు నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీనీ నొక్కి చూడండి. విండోస్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీయించండి. బ్యాటరీ మొదటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా చార్జి చేస్తే ఎంత పడుతోంది అన్నది అందులో ఉంటుంది. మిషన్ ఎంత నలిగిందో కీల కంటే ఆ రెండు అంకెలే బాగా చెబుతాయి.

ఇక కీబోర్డు మార్పించడం. చాలా మోడళ్లలో కీబోర్డును పై చట్రానికి రివిట్లతో బిగిస్తారు. అలాంటప్పుడు కూలీతో కలిపి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒక్క కీ టోపీ మాత్రమే కావాలంటే అదే మోడల్‌ది దొరకాలి. కింది క్లిప్పు కొంచెం తేడా ఉన్నా కూర్చోదు. అక్షరాలు కనబడటం లేదన్నదే బాధైతే పైన అంటించే స్టిక్కర్లు చాలు. మెరుపు ఒక్కటే అయితే అదీ అక్కర్లేదు. నొక్కినా అక్షరం పడకపోయినా, ఒక్క నొక్కుకు రెండు అక్షరాలు పడుతున్నా, దిగిన కీ లేవకపోయినా అప్పుడు రిపేరు షాపుకు వెళ్లండి.