మీకు తెలుసా? తొలి లేజర్‌ను వెలిగించింది చిటికెడు ‘కల్తీ’!

స్వచ్ఛమైన అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికానికి రంగే ఉండదు. అందులో అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడా క్రోమియం వచ్చి కూర్చుంటే అది కెంపు. అదే క్రోమియం బెరిల్ అనే మరో ఖనిజంలో చేరితే పచ్చ అవుతుంది!

1960 మే 16న అమెరికాలోని మాలిబూలో, హ్యూస్ పరిశోధనశాలలో థియోడర్ మైమన్ ప్రపంచంలో తొలి లేజర్‌ను వెలిగించారు. వాడింది వేలెడంత కూడా లేని కెంపు కడ్డీ. చుట్టూ మెలికలు తిరిగిన ఫ్లాష్ దీపం. అది మెరవగానే కడ్డీలోని క్రోమియం ఆ వెలుగును పీల్చుకుని, 694.3 నానోమీటర్ల ఎర్రటి కాంతిగా వెలువరించింది. ఆ కెంపు గనిలో దొరికింది కాదు, మనిషి పెంచిందే.

కెంపును పెంచే విద్యను ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ వెర్న్యూయ్ 1902లోనే లోకానికి చెప్పారు. పైన డబ్బాలో అల్యూమినా, కాస్త క్రోమియం ఆక్సైడ్ కలిపిన మెత్తటి పొడి. చిన్న సుత్తి ఆ డబ్బాను టకటకా తడుతూ ఉంటే పొడి కొద్దికొద్దిగా రాలుతుంది. 2,000 డిగ్రీలు దాటిన ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో కరిగి, చినుకు మీద చినుకుగా కింద పేరుకుంటుంది. కొన్ని గంటల్లో కెంపు దిమ్మ తయారు!

లేజర్లకు వాడే మరో స్ఫటికం, నియోడిమియం అనే లోహం కలిపిన ‘యాగ్’ మాత్రం అంత తొందరగా లొంగదు. యాగ్ అంటే యిట్రియం, అల్యూమినియంల ఆక్సైడ్. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీనితో లేజర్ వచ్చింది. దాదాపు 1,970 డిగ్రీల దగ్గర ఇరిడియం మూసలో ముడిసరుకును కరిగిస్తారు. విత్తనంగా ఒక చిన్న స్ఫటికాన్ని ఆ ద్రవానికి తాకించి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. నియోడిమియం సైజు యిట్రియం కంటే పెద్దది. అందుకే యిట్రియం ఉండాల్సిన ఇరుకు చోట్లో దూరడానికి మొరాయిస్తుంది, ఎక్కువ భాగం మూసలోనే ఉండిపోతుంది. తొందరపడితే స్ఫటికం చెడుతుంది. కాబట్టి లాగే వేగం గంటకు అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఒక్క దిమ్మకు వారాలు పడుతుంది. అంతా అయ్యాక కూడా నడిమి భాగంలో ఒత్తిడి, లోపాలు ఉంటాయని దాన్ని వదిలేసి, పక్కల నుంచే కడ్డీలు కోస్తారు. లేజర్ అనగానే మైమన్ పేరు చెబుతాం. కొలిమి దగ్గర ఇంత ఓర్పుగా స్ఫటికాలు పెంచేవాళ్లకూ అంత పేరు దక్కాల్సిందే.

శుక్లాల ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు కొందరికి మళ్లీ చూపు మసకబారుతుంది. లోపల పెట్టిన లెన్సు వెనక పొర మందమవడమే కారణం. అప్పుడు కంటి డాక్టరు ‘యాగ్ లేజర్ చేయించుకోండి’ అంటారు. కత్తి పెట్టకుండా ఆ పొరకు కంత చేసి చూపు తెచ్చేది ఈ స్ఫటికమే.