కొండకూ కడలికీ నడుమ ఎలమంచిలి

చెన్నై నుండి హౌరాకు పోయే రైలు ఎలమంచిలి దాటేటప్పుడు కిటికీలోనుండి చూసేవారికి కొండలు, వాటి నడుమ పల్లపు పొలాలు కనిపిస్తాయి. ఆ పొలాలకు ఆవల కొద్ది మైళ్లలోనే బంగాళాఖాతం ఉన్నది. దక్కను ద్వీపకల్పపు తూర్పు అంచు ఎట్టిదో తెలుసుకోగోరే విద్యార్థికి ఈ కొద్దిపాటి నేలే చాలును.

ఈ కొండలు తూర్పు కనుమల నుండి విడివడి కడలి దాకా వచ్చినవి. వీటిలో చాలా భాగం ఖోండలైటు అనే రాయి. ఒడిశా కొండలలో నివసించే ఖోండుల పేరే దీనికి పెట్టారు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న మట్టి, భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై ఈ రాయిగా మారింది. వానలకు ఇది మెత్తబడి ఎర్రమన్ను అవుతుంది. శారద, వరాహ వంటి నదులు ఆ మన్నును సముద్రానికి చేరుస్తాయి. తేలిక రేణువులను అలలు లాక్కొనిపోగా, బరువైనవి ఒడ్డున నిలుస్తాయి. తీరపు ఇసుకలో కనిపించే ఎర్రచారలు గార్నెట్, నల్లచారలు ఇల్మనైట్.

ఇక వాన సంగతి. నైరుతి గాలి కేరళ తీరాన 300 సెంటీమీటర్ల వరకు వర్షం కురిపిస్తుండగా, విశాఖపట్నం పరిసరాలలో ఏడాది మొత్తానికి సుమారు 100 సెంటీమీటర్లే పడుతుంది. ఇందుకు కారణమేమి? ఆ గాలి పడమటి కనుమలు దాటేసరికే తేమను చాలావరకు వదిలివేస్తుంది. పైగా ఇక్కడి తీరం నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతుంది. గాలి కొండలకు ఎదురు తగలక వాటి పక్కగా సాగిపోతుంది. కనుక ఇక్కడి వాన చాలావరకు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల దయ. అక్టోబరులో వాన మిక్కుటంగా ఉండడానికి కారణం ఇదే.

తుఫానులు కూడ ఆ రోజులలోనే వస్తాయి. జూలైలోనూ సముద్రం వెచ్చగానే ఉంటుంది. అప్పుడు పెనుతుఫాను ఏల రాదు? వర్షకాలంలో కింది గాలి పడమటి నుండి, ఎత్తున గాలి తూర్పు నుండి బలంగా వీస్తాయి. నిటారుగా లేవవలసిన మేఘస్తంభాన్ని ఈ రెండు గాలులూ చెరొక వైపుకు లాగి చెదరగొడతాయి. అక్టోబరు నాటికి ఆ లాగులాట తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటింది.

వేసవి ముందు వీచే గాలి చేసే పని వేరు. అది తీరం వెంబడి ఈశాన్యానికి వీస్తుంది. భూభ్రమణం మూలంగా పైనీరు గాలికి కుడివైపుకు, అనగా తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునీరు పైకి వస్తుంది. 1950ల తొలి సంవత్సరాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిపిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ దీనిని వివరించాడు. అడుగునీటిలోని పోషకాలతో సూక్ష్మజీవులు, వాటిని తిని చేపలు వృద్ధి చెందుతాయి.

కొండల మీద పడిన వాన అంతా సముద్రానికి పోదు. ఎలమంచిలికి చేరువలోనే కొండకర్ల ఆవ ఉన్నది. ఆవ అంటే పల్లంలో నీరు నిలిచే చోటు. మన రాష్ట్రపు మంచినీటి సరస్సులలో కొల్లేరు తరువాత ఇదే పెద్దదని చెబుతారు. రెండు తాటిబోదెలను తొలిచి, జతకట్టిన దోనెలలో ఇక్కడ జనం తిరుగుతారు. తామరాకుల మీద ఒక పిట్ట మునిగిపోకుండా నడవడం చూడవచ్చు. దాని వేళ్లు ఎంతో పొడవు. ఒంటి బరువు ఆకు మీద విస్తరించి పడుతుంది. ఈ జాతిలో గుడ్లు పొదిగి పిల్లలను సాకేది మగపక్షి! నత్తలు తినే కొంగకు ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. జారిపోయే నత్తను పట్టడానికి అది అనువు. శీతకాలంలో మధ్య ఆసియా నుండి హిమాలయాలు దాటి బాతులు వస్తాయి. ఉత్తరాంధ్రలో పెద్ద కొంగలన్నిటినీ సైబీరియా పక్షులు అనడం వాడుక. నిజానికి నత్తలు తినే కొంగ మన దేశపుదే.

ఈ ఆవకు ఎసరు రెండు వైపుల నుండి. కొండల మన్ను కొట్టుకొనివచ్చి అడుగున పేరుకొంటుంది. పైన గుర్రపు డెక్క పరచుకొంటుంది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ మొక్క కొద్దివారాలలోనే రెట్టింపవుతుంది. దాని నీడలో నీటిలోపలి నాచుకు వెలుతురు అందదు. చచ్చిన ఆకులు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేప తగ్గితే దానిని నమ్ముకొన్న పక్షీ, దోనె నడిపే మనిషీ ఇద్దరూ నష్టపోతారు. పరిసర గ్రామాల పాఠశాలలు ఒడ్డున గీతలు పెట్టిన గుంజ పాతి, ఏటా వానలు వెలిసిన తరువాతా, తిరిగి మే నెలలోనూ నీటిలోతు, కలుపు ఆక్రమించిన మేర రాసి ఉంచితే, నాలుగైదేళ్లలో ఆవ ఎంత పూడుతున్నదో తెలిసిపోతుంది. ఈ పనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు.