పెట్టె చిన్నదైతే వేడి తగ్గుతుందా?

లెనోవో కంప్యూటర్లు తయారయ్యే పుదుచ్చేరిలో వేసవి గాలి 38 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ చిన్న పెట్టెలో ఇమిడే ఆటల కంప్యూటర్ సరిగా పనిచేస్తుందా?

భాగాలన్నిటినీ కలిపే పలకే మదర్‌బోర్డు. 2001లో వచ్చిన మినీ ఐటీఎక్స్ బోర్డు పొడవు, వెడల్పు 17 సెంటీమీటర్లే. ఆటల దృశ్యాలను గీసే గ్రాఫిక్స్ కార్డు చాలాసార్లు దానికన్నా పొడవు! అందుకే కొన్ని చిన్న బోర్డులపై, ల్యాప్‌టాప్‌ల కోసం 2004లో రూపొందిన ఎంఎక్స్ఎం మాడ్యూలును బోర్డుకు సమాంతరంగా బిగిస్తారు. దాని వెడల్పు 8.2 సెంటీమీటర్లు. స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు కూడా.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. 100 వాట్ల విద్యుత్తు వాడే చిప్ దాదాపు 100 వాట్ల వేడిని వదులుతుంది. పెట్టె చిన్నదైనంత మాత్రాన అది తగ్గదు. ఫ్యాను గదిలోని గాలితోనే చల్లబరుస్తుంది కనుక, చిప్ ఆ గాలికన్నా చల్లగా ఉండలేదు. మరీ వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. కాబట్టి చిన్న పెట్టె ఎంచుకునేటప్పుడు గాలి వచ్చే దారి, పోయే దారి ముందు చూడండి.