ఇంటిలోని విద్యుత్తు: దండెము మొదలు ఎర్తు గొయ్యి వరకు



వానలు ఆరంభమైనవనగానే పత్రికలలో ఒక విధమైన వార్త తరచుగా కనబడును. తడి బట్టలు ఆరవేయబోయి ఇల్లాలు కరెంటు తగిలి మరణించినదనియు, ఆమెను పట్టుకొనబోయిన భర్తయు మరణించినాడనియు అందులో ఉండును. చదివి అయ్యో అనుకొని మరచిపోవుదుము.

నేను వ్యవసాయ శాఖలో పనిచేయువాడను; విద్యుత్తు నేను చదివిన శాస్త్రము కాదు. అయినను ఈ విషయము వ్రాయుటకు కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట వేరుశనగ విత్తనశుద్ధి చూపించుటకు ఒక రైతు ఇంటికి వెళ్ళితిని. పని ముగిసిన తరువాత చేతులు కడిగికొని, తుడుచుకొన్న తువాలును వాకిటిలోని ఇనుప తీగ దండెము మీద వేసితిని. పదిహేను దినముల తరువాత, రాత్రి వాన కురిసి వెలిసిన ఉదయమున, అదే దండెము మీద తడి చీర వేయబోయి ఆ ఇంటి కోడలు మరణించినది.

అది ఎట్లు జరిగినదో లైన్‌మన్ వచ్చి చూపించినాడు. స్తంభము నుండి ఇంటికి వచ్చు సర్వీసు వైరును ఒక జి.ఐ. తీగకు చుట్టి లాగుట మనకు అలవాటు. ఆ తీగను వాకిటి రేకుల పందిరికి నిలిపిన ఇనుప గొట్టమునకు కట్టినారు. దండెము ఒక కొస కూడ ఆ గొట్టమునకే కట్టినారు. ఏండ్ల తరబడి ఎండకు సర్వీసు వైరు పైపొర పెళుసై పగిలినది. గాలికి ఊగి రేకు అంచున ఒరిసికొన్న చోట లోపలి తీగ బయటపడినది. ఆ పగులు నేను తువాలు వేసిన నాటికే ఉండి యుండును. నేను చెప్పులు తొడిగికొని పొడి నేల మీద నిలిచితిని. ఆమె వట్టి కాళ్ళతో తడి నేల మీద నిలిచినది.

“ఫ్యూజు ఎందుకు పోలేదు సార్?” అని ఆమె మామగారు నన్ను అడిగినారు. అప్పుడు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పెదను.

మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. తడిసిన మానవ శరీరము చూపు అడ్డు సుమారు 1,000 ఓములు. అనగా శరీరము గుండ ప్రవహించు కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు, ఒక ఆంపియరులో నాలుగవ వంతు కన్న తక్కువ. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతమునకే చేతి కండరములు బిగిసి, పట్టుకొన్నది విడువలేని స్థితి వచ్చును. ఏబది, నూరు మిల్లీ ఆంపియర్లకు గుండె లయ తప్పవచ్చును. కాని ఫ్యూజు కరగుటకు పదియో, పదునారో ఆంపియర్లు దాటవలెను. ప్రాణము పోవుచున్న మనిషి ఫ్యూజు దృష్టిలో ఏబది వాట్ల బల్బు వంటిది మాత్రమే. ఫ్యూజు గాని, దాని బదులు వచ్చిన ఎం.సి.బి. గాని వైరు కాలిపోకుండ కాపాడుటకు పుట్టినవి. మనిషిని కాపాడుటకు కాదు. ఈ ఒక్క మాట గ్రామములో పది మందికి తెలిసిన చాలును.

కనుక మొదట చేయవలసిన పనికి ఖర్చు లేదు. ఇనుప తీగ దండెమును నేడే విప్పి, నైలాను తాడు గాని కొబ్బరి తాడు గాని కట్టుడు. ఏ దండెమును సర్వీసు వైరు వచ్చు గొట్టమునకు, రేకుల పందిరికి, విద్యుత్ స్తంభమునకు కట్టరాదు. పశువులను కూడ స్తంభమునకు గాని దాని స్టే తీగకు గాని కట్టవద్దు. వాననాడు స్తంభము వద్ద నేలలోనికి కరెంటు దిగినచో, పశువు ముందు కాళ్ళకు వెనుక కాళ్ళకు మధ్య దూరము ఎక్కువగుటచేత అది మనకంటె ముందు కూలిపోవును. దాని శరీరములో కరెంటు దారి గుండె మీదుగానే ఉండును. సర్వీసు వైరు పైపొర పగిలిన యెడల, మీరు నిచ్చెన వేసికొని టేపు చుట్టబూనక, 1912 కు ఫోను చేసి లైన్‌మన్‌ను పిలిపించవలెను. ఈ వైరు మీటరుకు అవతల ఉండును గనుక ఇంటిలో ఎంత మంచి రక్షణ సాధనము అమర్చినను దీని దోషమును అది పట్టజాలదు.

ఇక ఇంటి లోపలికి వత్తము. పాత ఇండ్లలో చెక్క పట్టీల మీద మేకులతో బిగించిన రెండు వైర్ల పద్ధతి ఇంకను కనబడుచున్నది. రెండు మూడు దీపములకు వేసినది అది. నేడు దానిమీదనే ఫ్రిజ్, మిక్సీ, కూలరు, గ్రైండరు నడుపుచున్నాము. అందులో అల్యూమినియము తీగ ఉన్నచో అతుకులు వేడికి చల్లదనమునకు వదులై కాలుచుండును. అట్టి వైరింగును అతుకులతో నెట్టుకొనివచ్చుట కంటె పూర్తిగా మార్చుట మేలు. దీపములకు, పంకాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, పెద్ద ఎ.సి.కి, గీజరుకు 4 వేయుట వాడుక. ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనవలెను. ప్రతి ప్లగ్గుకు మూడవ వైరు, అనగా ఆకుపచ్చని ఎర్తు వైరు, తప్పక పోవలెను.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగాను పొడవుగాను ఎందుకున్నదో గమనించినారా? కరెంటు అందుటకు ముందే ఎర్తు అందవలెననియు, ప్లగ్గు పీకునప్పుడు ఎర్తు చివరకు వదలవలెననియు అట్లు చేసినారు. ఆ పిన్నును విరిచి రెండు రంధ్రముల ప్లగ్గులో దూర్చు తెలివి మన ఇండ్లలో చాలమందికి ఉన్నది! వేసవిలో ఇనుప ఒళ్ళు గల కూలరు వద్ద ఈ తెలివి చాల ప్రమాదకరము. కూలరులో నీరు పోయునపుడు స్విచ్చి కట్టుట చాలదు, ప్లగ్గు పీకవలెను. బకెట్టులో వేడినీళ్ళ రాడ్డు వేసినప్పుడును అంతే. నీరు కాగినదో లేదో వ్రేలు పెట్టి చూచుట మానవలెను.

ఎర్తు గొయ్యి విషయములో మాత్రము నా శాస్త్రము కొంత పనికివచ్చును. మట్టిలో కరెంటును మోయునది తేమ, అందులో కరిగిన లవణములు. నల్లరేగడి తేమను పట్టియుంచును గనుక మంచిదే, కాని వేసవిలో నెర్రెలు విచ్చి గొట్టమును విడిచిపెట్టును. ఎర్ర చల్కా నేలలు, ఇసుక నేలలు త్వరగా ఎండిపోవును. అందుచేత 40 మి.మీ. వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయుదురు. స్నానాల గది నీరు పోవు వైపున గొయ్యి త్రవ్వించినచో తేమ నిలుచును. లేనిచో వేసవిలో వారమునకు రెండు బిందెలు పోయవలెను. ఉప్పు గొట్టమును తినివేయును కాబట్టి కొన్ని ఏండ్లకొకసారి పై కొస వద్ద త్రవ్వి చూడవలెను. తుప్పు పట్టి విడిపోయిన ఎర్తు వైరు నేలపై పడియున్న ఇండ్లను నేను చాల చూచితిని.

ఎర్తు ఉన్నంత మాత్రమున నిశ్చింత కాదు. గొయ్యి బాగుగా లేక కరెంటు దారి మొత్తములో 10 ఓముల అడ్డు ఉన్నదనుకొందము. కూలరు ఒళ్ళు ఫేజు వైరుకు తగిలినప్పుడు పారునది 23 ఆంపియర్లే. మెయిన్ వద్ద 32 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్న యెడల అది పడదు. కూలరు చావు వలె నిలిచియుండును. ఇక్కడనే ఆర్.సి.సి.బి. అను పరికరము అవసరము. లోగడ దీనిని ఇ.ఎల్.సి.బి. అనెడివారు. కాలువ తలవద్ద వదలిన నీటిని, చివర చేరిన నీటిని కొలిచి, తేడా రాగానే తూము దించు లష్కరు వంటిది ఇది. ఇంటిలోనికి పోయిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానముగా ఉండవలెను. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడనో కారిపోయినచో సెకనులో కొద్ది భాగములోనే మెయిన్‌ను కట్టివేయును. ఎర్తు మంచిదైనచో మనిషి తాకకముందే పడును. ఎర్తు లేని పాత ఇంటిలో మనిషి తాకగానే పడును. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల రకమునే అడగవలెను, 100, 300 వి కాదు. దాని ఖరీదు సుమారుగా ఒకటి రెండు డి.ఎ.పి. బస్తాల ధర. ఒక చేత ఫేజును, ఒక చేత న్యూట్రలును పట్టుకొన్నవానిని మాత్రము ఇదియు కాపాడలేదు.

ఒక రైతు తన క్రొత్త ఇంటిలో దీనిని పెట్టించి, వాన వచ్చినప్పుడెల్ల పడిపోవుచున్నదని వైర్‌మన్ చేత తప్పించివేసినాడు. “అది చెడిపోయిందండీ, తీసి పక్కన పెట్టించా” అని నాకు చెప్పినాడు. చెడినది అది కాదు. పశువుల కొట్టములోని దీపపు హోల్డరులోనికి వాననీరు దిగుచున్నది. హోల్డరు మార్చిన దినము నుండి అది పడలేదు. పడుచున్న ఆర్.సి.సి.బి. ఎక్కడనో కారుచున్నదని చెప్పుచున్నది. దాని నోరు మూయుట తగదు. దాని మీద ‘టి’ గుర్తు గల మీట ఉండును. నెలకొకసారి నొక్కి, పడుచున్నదా లేదా చూడుడు. పడని యెడల మార్పించుడు.

మరొక దురలవాటు. పొలము వద్ద న్యూట్రలు లేనప్పుడు ఫేజు ఒక్కటి తెచ్చి, రెండవ కొసను బోరు గొట్టమునకో నేలలోని కడ్డీకో కట్టి దీపము వెలిగించుచున్నారు. ఆ నేల తడిసినప్పుడు అక్కడ కాలు పెట్టువారు ఎవరో మీకు తెలియదు. అడవిపందులకని చేల చుట్టు కరెంటు తీగ లాగుటయు అట్టిదే. ఆ తీగకు చిక్కినది తెల్లవారుజామున నీరు కట్టవచ్చిన పొరుగు రైతేనని విన్న సందర్భములు ఉన్నవి.

గ్రామాధికారులకు ఒక మనవి. వానలకు ముందు గ్రామ సచివాలయము తరఫున ఎనర్జీ అసిస్టెంటును వెంటబెట్టుకొని వీధివీధి తిరిగి, దండెములను, పగిలిన సర్వీసు వైర్లను చూచి వ్రాసికొనుడు. ఒక పెద్ద గ్రామమునకు రెండు ఉదయములు సరిపోవును.

ఎవరికైనను కరెంటు తగిలినప్పుడు వారిని తాకరాదు. ముందు మెయిన్ కట్టవలెను. ఆ వీలు లేనిచో పొడి నేల మీదనో చెక్క మీదనో నిలిచి, ఎండిన కర్రతో తీగను తొలగించవలెను. శ్వాస లేనిచో మట్టి కప్పుట, ఉప్పు రుద్దుట వంటి వానితో కాలము పోగొట్టక, 108 కు ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి ఆనించి, నిమిషమునకు నూరు మొదలు నూట ఇరువది సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగునట్లు నొక్కుచునే ఉండవలెను. అలసినచో మరియొకరు అందుకొనవలెను. ఆనాడు ఆ వాకిటిలో ఇరువది మంది ఉండిరి. ఈ పని తెలిసినవారు వారిలో ఒక్కరును లేరు.