కుంగుబాటు మాత్రలు – చెప్పుకోలేని ఇబ్బందులు

మన జంటనగరాలలో ఎవరిమీదనైనా కోపం వస్తే "ఎర్రగడ్డకు పంపాలి" అనడం పరిపాటి. అక్కడి మానసిక వైద్యశాల పేరు ఇలా తిట్టుగా మారిపోయినందున, మనసుకు మందు వాడే మనిషి ఆ సంగతిని సొంత ఇంట్లో కూడా దాచుకుంటాడు. షుగరు మాత్రలు వంటింటి అరలో అందరికీ కనబడేలా ఉంటాయి. కుంగుబాటు మాత్రలు బీరువాలో బట్టల అడుగున ఉంటాయి. మందును దాచినవారు అది తెచ్చే ఇబ్బందులను కూడా ఎవరికీ చెప్పుకోలేరు.

గత సంవత్సరం కొన్ని నెలలపాటు నాకు రాత్రి రెండు, మూడు గంటలకే మెలకువ వచ్చేది. తహజ్జుద్‌కు లేచే మెలకువ కాదది, గుండెమీద బండ పెట్టినట్లుండేది. ఆకలి పోయింది. ఏళ్ల తరబడి బోధిస్తున్న అరబీ వ్యాకరణ పాఠం మధ్యలో మాట తోచక నిలబడిపోయేవాడిని. సికింద్రాబాద్‌లోని ఒక మానసిక వైద్యుడు థైరాయిడ్, రక్త పరీక్షలు చేయించి, ఇది కుంగుబాటు వ్యాధి అని నిర్ధారించి, ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. మొదట 5 మిల్లీగ్రాములు, వారం తరువాత 10. "మౌల్వీ సాబ్, ఇబ్బందులు ముందు వస్తాయి, గుణం తరువాత కనబడుతుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి" అన్నారు.

ఆయన చెప్పినట్లే జరిగింది. మొదటి పది రోజులు కడుపులో వికారం, అరచేతుల్లో చెమట, పాఠం చెబుతుండగా ఆగని ఆవులింతలు. తిన్న తరువాత మాత్ర వేసుకోవడంతో వికారం తగ్గింది, మిగిలినవి వాటంతటవే పోయాయి. నాలుగో వారానికి నిద్ర కుదుటపడింది, అల్‌హమ్దులిల్లాహ్.

అసలు చిక్కులు ఆ తరువాతివి. ఈ మందులు చాలామందిలో దాంపత్య వాంఛను తగ్గిస్తాయి. భార్యాభర్తల హక్కులను ఫిఖ్హ్ పాఠాలలో సంకోచం లేకుండా బోధించే మేము కూడా వైద్యుని ముందు ఈ మాట ఎత్తడానికి సిగ్గుపడతాము. ఈ ఒక్క కారణంతో, ఎవరికీ చెప్పకుండా మందు మానేసేవారు ఎందరో.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. మూడో నెలలో మోతాదు 20కి పెరిగింది. దుఃఖం పోయింది, దానితోపాటు కన్నీరు కూడా పోయింది. దుఆకు చేతులెత్తితే పెదవులు కదిలేవి, హృదయం కదిలేది కాదు. మనవడు మొదటిసారి సూరె ఫాతిహా అప్పజెప్పిన రోజున ఇల్లంతా సంబరపడుతుంటే నేను గోడవలె కూర్చున్నాను. ఇది ఈమాన్ బలహీనతేమోనన్న భయాన్ని వైద్యునికి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. భావాలు మొద్దుబారడం ఈ మందులలో తెలిసిన సంగతేనని, చాలాసార్లు మోతాదును బట్టి ఉంటుందని చెప్పి, కొన్ని వారాలలో క్రమంగా 10కి తగ్గించారు. కన్నీరు తిరిగి వచ్చింది. మునుపటంత అని చెప్పలేను.

మా బంధువొకరి అనుభవం వేరు. ఆరోగ్యం కుదిరిందనుకొని ఆయన మాత్రలను ఒక్కసారిగా ఆపేశారు. మూడో రోజుకు తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్లు ఝల్లుమనడం, పీడకలలు. దిష్టి తగిలిందని ఇంటివారు తావీజు కట్టించారు. నిజానికి, అలవాటైన మందు హఠాత్తుగా అందకపోతే శరీరం చూపే ప్రతిస్పందన అది. మద్యం వంటి వ్యసనం కాదు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివి శరీరాన్ని త్వరగా విడిచిపోతాయి కనుక వాటిని ఆపినప్పుడు ఈ బాధ ఎక్కువ. చాలాకాలం నిలిచే ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ. ఏదైనా వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించవలసిందే.

ఖుర్ఆన్ హృదయాలకు స్వస్థత అయినప్పుడు మాత్రలెందుకని కొందరు విద్యార్థులు అడుగుతారు. చికిత్స చేయించుకోమని ఆదేశించినవారు దైవప్రవక్త (స) గారే కదా! హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దుఃఖంతో చూపు కోల్పోయిన సంగతి ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆయన ఈమాన్‌ను శంకించగలవారెవరు? క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ, శరీరాత్మల ఆరోగ్యంపై రాసిన గ్రంథంలో, కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం కనబడని దుఃఖాన్నీ వేరుచేసి, రెండో దానికి శారీరక చికిత్స కూడా అవసరమన్నారు.

మరికొన్ని జాగ్రత్తలున్నాయి. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు ఈ మందులతో కలిస్తే రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది. కనుక వాడే మందులన్నీ వైద్యునికి చూపాలి. వృద్ధులలో సోడియం పడిపోయి తికమక కలగవచ్చు. పాతికేళ్లలోపు వారిని మొదటి వారాలలో ఒంటరిగా వదలరాదు, ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అటువంటి మాట వినబడితే వెంటనే వైద్యునికి చెప్పాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

రమజాన్‌లో రోజుకొక మాత్ర వాడేవారు సాధారణంగా ఇఫ్తార్ తరువాత గానీ సహరీలో గానీ వేసుకోవచ్చు, వైద్యుణ్ణి ముందుగా అడగాలి. మత్తు కలిగేవారికి రాత్రి వేళ అనుకూలం. నిద్ర చెడేవారికి సహరీ మేలు. నాకు సహరీయే సరిపడింది.